నాయన పిలిచిన పేరు

గుడ్ ఫ్రైడే నాటికి కొల్లాపూర్ తోటల్లో మామిడికాయ ముదురుతూ ఉంటుంది. ఆ రోజు మా సంఘం వీధుల్లో మోసే సిలువ కూడా మామిడి చెక్కదే. ముసలి చెట్టు ఒకటి కొట్టేస్తే, ఆ మొద్దును కోయించి వడ్లాయన చేత చెక్కించారు. వంతులవారీగా మోస్తాం. భుజం ఆనే చోట చెక్క నున్నగా అరిగి, చెమటకు నల్లబడింది. నా వంతు దించేసరికి భుజం ఎముక దగ్గర కందిపోతుంది. నూనె రాసుకుంటే ఈస్టరు ఆదివారానికి తగ్గిపోతుంది.

ఆదివారానికి తగ్గిపోయే నొప్పిని సిలువ అనవచ్చా?

గోపురం కట్టాలనుకునేవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువు అడిగాడు. మా దగ్గర ఆ లెక్క ఒక కాయితం మీద తేలుతుంది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులను మాత్రమే షెడ్యూల్డు కులాలుగా గుర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. బాప్తిస్మం తీసుకున్న మాల మాదిగలు మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు. ఆ గ్రూపుకు ఉన్న రిజర్వేషన్ ఒక్క శాతం. ఉండే వాడ మారదు, ఊరు చూసే చూపు మారదు. కులం పోయేది కాయితం మీద ఒక్కచోటే.

మా నాయన నన్ను వెంటబెట్టుకుని దఫ్తరుకు పోయి, "రాసుకో సారూ, మేం కిరస్తానపోళ్లం" అన్నాడు. అన్న చదువు అప్పటికే ఎస్సీ సర్టిఫికెట్ మీద నడుస్తోంది. వాడు ఆ మాట అనలేదు. ఉద్యోగం వచ్చాక, అది ఎక్కడ పోతుందోనన్న భయంతో చర్చికి రావడం మానేశాడు. క్రిస్మస్‌కు వచ్చినా గేటు బయటే నిలబడి నాయనను పలకరించి పోయేవాడు. నాకు సీటు రాలేదు. మామిడికాయల వ్యాపారంలో దిగాను. సీటు పోయినా పేరు నిలబడిందని గర్వపడ్డాను, ఆ గర్వాన్ని సాక్ష్యం అనుకున్నాను. ఏడు మాటల ధ్యానంలో నా వంతు వస్తే చాలు, చలిమంట దగ్గర ప్రభువును ఎరగనని పేతురు బొంకిన సంగతి ఎత్తుకునేవాణ్ని. చెబుతున్నంతసేపూ నా మనసులో ఉన్నది మా అన్నే.

ఉమ్మడి పాలమూరు జిల్లాలో మెన్నోనైట్ బ్రెదరెన్ మిషనరీలు నాగర్‌కర్నూలు, వనపర్తిలాంటి చోట్ల కేంద్రాలు పెట్టి సంఘాలు కట్టారు. వాళ్ల పూర్వీకుల వరసలో ఫెలిక్స్ మాంజ్ అనే ఆయన ఉన్నాడు. విశ్వసించాకే బాప్తిస్మం తీసుకోవాలని బోధించినందుకు 1527 జనవరి 5న జూరిక్‌లో చేతులు కట్టి లిమ్మత్ నదిలో ముంచి చంపారు. సోమశిల దగ్గర కృష్ణలో మునిగి లేచిన రోజున నాకు ఈ సంగతి తెలియదు. తెలిశాక చాలా రోజులు అదే ఆలోచన. మాంజ్ ఇచ్చింది తన ప్రాణం. మా నాయన ఇచ్చింది నా సీటు. నన్ను అడిగి ఇవ్వలేదు.

ఈ మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి వణుకుతోంది. నాయన మీద నాకు కోపం లేదు. కాకపోతే, నేను ఎత్తుకున్నాననుకున్న సిలువ నిజానికి నా మీద మోపింది. పొలం నుంచి వస్తున్న కురేనీయుడైన సీమోనును కూడా సైనికులు అలాగే పట్టుకున్నారు. మార్కు అతని కొడుకుల పేర్లు కూడా రాశాడు: అలెక్సంద్రు, రూఫు. తండ్రి మోసిన బరువు ఆ పిల్లల మీద ఎంత పడిందో మాత్రం రాయలేదు.

నాయన పోయిన రాత్రి అన్న వచ్చాడు. స్నానానికి నీళ్లు వాడే కాచాడు, నాయన కాళ్ల పగుళ్లలోని మట్టి వేలితో తీసి కడిగాడు. తెల్లారి వాడి ఆఫీసువాళ్లు కూడా వచ్చారు. వాళ్లు చూస్తుండగానే చర్చి లోపలికి నడిచాడు, పెట్టె ముందు కొమ్ము భుజానికెత్తుకుని సమాధుల తోట దాకా ఎవరికీ మార్చలేదు. ఉద్యోగం ఏమవుతుందో ఆ పూట వాడికి తెలియదు.

ఆ వారం యోహాను సువార్త తెరిస్తే, ఏళ్ల తరబడి చదివిన చోటే కళ్లు ఆగిపోయాయి. సిలువ మీంచి దేహాన్ని దించింది, యూదులకు భయపడి రహస్యంగా శిష్యుడైన అరిమతయియ యోసేపు. సుగంధద్రవ్యాలు తెచ్చింది, రాత్రివేళ చాటుగా యేసు దగ్గరికి వచ్చిన నీకొదేము. ఆ ద్రవ్యాల బరువు నేటి లెక్కలో ముప్పై కిలోల పైమాటే, ఒకటిన్నర మామిడి క్రేటంత. పేరు చెప్పుకుని వెంట తిరిగినవాళ్లలో చాలామంది ఆ వేళకు కనబడలేదు. పేతురు బొంకు గురించి ఇన్నేళ్లు ప్రసంగించిన నేను, యోసేపు మీద ఒక్కసారైనా నోరు విప్పలేదు.

సమాధి పలక మీద కొడుకుల పేర్లు రాయించాలి. సర్టిఫికెట్‌లోని పేరు రాయాలా, చర్చిలో పెట్టిన పేరు రాయాలా అని అన్నను అడిగాను. చాలాసేపు ఊరుకున్నాడు.

"నాయన పిలిచిన పేరు రాయి" అన్నాడు. రాయి చెక్కే ఆయన ఆ అక్షరాలు పూర్తిచేసేదాకా ఎండలోనే నిలబడ్డాడు.