అడగలేదు గనుక చెప్పలేదు

కారు కొనడమన్నది మన యిళ్లల్లో మగవాళ్ల వ్యవహారంగా మొదలవుతుంది. ఇంజను సంగతి, మైలేజీ సంగతి, ఆఫీసులో ఎవరు ఏ బండి కొని ఎంత సుఖపడ్డారన్న సంగతీ వరసగా నాలుగు ఆదివారాలు హాల్లో కూర్చుని తేల్చేస్తారు. తీరా అంతా అయ్యాక, "కొత్తదా, పాతదా? నువ్వేమంటావు?" అంటూ వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడతారు. పొయ్యి మీద పోపు మాడుతున్నా సరే, ఆ ప్రశ్నకి మాత్రం తొందరపడి జవాబు చెప్పకూడదంటాను నేను. అది డబ్బు లెక్కలా కనిపిస్తుందే గానీ, ఒట్టి డబ్బు లెక్క కాదు.

ముందు డబ్బు లెక్కే చూద్దాం. ఈ మధ్య అందరూ అంబారీల్లాంటి ఎత్తుబళ్ల మీద పడ్డారు గానీ, నలుగురున్న సంసారానికి వెనకాల డిక్కీ విడిగా ఉండే సెడాన్ కారే హాయి అని నా అభిప్రాయం. ఊరినించి వచ్చేటప్పుడు బియ్యం బస్తా, ఆవకాయ జాడీ, పనసపండు వెనక పెట్టి మూత వేస్తే ముందు కూర్చున్నవాళ్లకి ఏ వాసనా తగలదు. అయితే సెడాన్లలోనూ రెండు రకాలున్నాయి. పొడవు నాలుగు మీటర్లు దాటని చిన్నకారుకి పన్ను తక్కువని 2006లో ప్రభుత్వం ఒక గీత గీసింది. ఆ గీతలో యిమడడానికి కంపెనీలు డిక్కీలు కురచ చేశాయి. 2012లో డిజైర్ కారుకి తోక కత్తిరించింది అందుకే. గుడ్డ చాలక దర్జీ జాకెట్టు చేతులు కురచ చేసినట్టన్నమాట. 2025 సెప్టెంబరు 22 నించి ఆ గీతకి అటూ యిటూ ఎడం యింకా పెరిగింది. ఇవతలున్న చిన్నకారుకి, ఇంజను కూడా చిన్నదైతే, జీఎస్టీ 18 శాతం. అవతలున్న సిటీ, వెర్నా, స్లావియా లాంటి మధ్యరకం కార్లకి 40 శాతం.

కాబట్టి మధ్యతరగతి యింట్లో ప్రశ్న యిలా వచ్చి కూర్చుంటుంది. ఉన్న డబ్బుతో కొత్త చిన్నకారా, అదే డబ్బుకి నాలుగేళ్లు వాడిన పెద్దకారా? డిక్కీ 380 లీటర్లదా, 500 లీటర్లదా? వెనకసీట్లో కాళ్లు చాపుకోవడమా, ముడుచుకోవడమా? ఇలా చూస్తే పాతదే కొనాలి. అయినా చెయ్యి వెనక్కి లాగుతుంది. ఎందుకని?

అమెరికాలో జార్జి ఆకెర్లాఫ్ అనే ఆర్థికశాస్త్రవేత్త 1970లో యీ 'ఎందుకని' మీదే ఒక వ్యాసం రాశాడు. కొన్ననాటినించీ ఏదో ఒక రోగంతో వేధించే కారుని అక్కడివాళ్లు వాడుకలో 'నిమ్మకాయ' అంటారు. (మనం కొత్తకారు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. వాళ్లకి కారే నిమ్మకాయ!) బండి మంచిదో నిమ్మకాయో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు గనుక భయపడి తక్కువకి అడుగుతాడు. ఆ ధరకి మంచిబండి ఉన్నవాడు అమ్మడు, యింట్లోనే ఉంచుకుంటాడు. ఇక బజారులో మిగిలేవి నిమ్మకాయలు. అది చూసి కొనేవాడు యింకా భయపడతాడు. ఇదీ ఆయన చెప్పింది. పెరట్లో గేదెని అమ్మిన మన తాతమ్మలకి యీ సంగతి తెలియదా అంటే తెలుసు. తెలిసి ఉండడం వేరు, లెక్క కట్టి చెప్పడం వేరు. ఆ వ్యాసాన్ని మూడు పత్రికలు తిప్పి పంపాక నాలుగోది వేసుకుంది. 2001లో మరిద్దరితో కలిపి ఆయనకి నోబెల్ బహుమతి యిచ్చారు. తిరుగుటపాలో కథలు అందుకున్న మాలాంటివాళ్లకి అదో ఊరట.

అంటే, కొత్తకారుకి మనం ఎక్కువ పోసేది ఇనుముకి కాదు, ఎవర్నీ నమ్మక్కర్లేని నిశ్చింతకి. పాతకారు చవగ్గా వచ్చేదీ ఒట్టి అరుగుదల వల్ల కాదు. ముక్కూ మొహం తెలియనివాడి మాట దానితోపాటు కొనుక్కోవాలి గనుక.

మాట మీద గురి కుదరనప్పుడు కళ్లు వాడుకోవాలి. ఈ పనిలో ఆడవాళ్లు ఎవరికీ తీసిపోరు. తొడిమ పట్టి చూసి వంకాయలో పుచ్చు చెప్పేవాళ్లం, మడతలన్నీ విప్పి చూడందే పట్టుచీరకి డబ్బివ్వనివాళ్లం. సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడండి. నీళ్లలో మునిగిన బండైతే ఆ చివర్న బురదచార కనిపించవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వీధులు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి కదా, అలా మునిగిన కారుని కూడా కడిగి, ఆరబెట్టి, కాస్త సెంటు కొడితే పెళ్లికూతురిలాగే ఉంటుంది. స్టెప్నీ పైకెత్తి ఆ గుంటలో చెయ్యి పెట్టండి, తుప్పు తగులుతుందేమో. మీటరు ముప్ఫైవేల కిలోమీటర్లే చూపిస్తుంటే బ్రేకు పెడలు రబ్బరు వంక చూడండి. మీటరు వెనక్కి తిప్పేవాడికి అరిగిన రబ్బరు మార్చాలని తోచకపోవచ్చు. టైరు అంచున నాలుగంకెలుంటాయి. 2321 అంటే 2021వ సంవత్సరం 23వ వారంలో పుట్టిందని. ఆర్.సి.లో బ్యాంకు పేరుంటే అప్పు తీరినట్టు బ్యాంకు కాగితం చూపించమనండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు బొమ్మున్న దీపం కాసేపు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగనే వెలగకపోతే అనుమానించాలి. ఆ దీపం సంగతి తర్వాత మళ్లీ వస్తుంది.

ఇన్ని చూసినా, కంటికి ఆనేదే చూస్తాం. మిగతాది అమ్మేవాడి నోట్లో ఉంటుంది.

ఇక్కడో తమాషా ఉంది. కారు కొనే కుటుంబం చాలాసార్లు తన పాతకారు అమ్ముకుంటూ కూడా ఉంటుంది. ఒకే నెలలో, ఒకే హాల్లో కూర్చుని. కొనేటప్పుడు అవతలివాడు హరిశ్చంద్రుడై ఉండాలి. "ఏక్సిడెంటేమన్నా అయిందా? దాచకుండా చెప్పండి" అని నిలదీస్తాం. అమ్మేటప్పుడు మాత్రం, "అడిగితే చెబుదాం. అడక్కపోతే మనకెందుకు?" అంటాం. అదే నోరు, అదే నాలిక.

అడగలేదు గనుక చెప్పలేదు అన్నది అబద్ధమా? చట్టాన్నడిగితే, ఉత్తినే ఊరుకోవడం మామూలుగా మోసం కిందికి రాదంటుంది. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. అందులో 17వ సెక్షను మోసమంటే ఏమిటో చెబుతుంది. దాని కిందిచ్చిన ఉదాహరణలు చిన్నచిన్న కథల్లా ఉంటాయి. ఒకాయన తన గుర్రాన్ని వేలంలో అమ్ముతాడు. గుర్రానికి జబ్బుందని ఆయనకి తెలుసు. కొన్నవాడితో ఏమీ అనడు. అది మోసం కాదు. సరే, అదే గుర్రాన్ని కొన్నది ఆయన కూతురే అనుకోండి, అప్పుడప్పుడే మైనారిటీ తీరిన పిల్ల. అప్పుడు మాత్రం జబ్బు సంగతి చెప్పి తీరడం ఆ తండ్రి విధి. ఇంకో కథలో కొనేవాడు, నువ్వు కాదనకపోతే గుర్రం ఆరోగ్యంగా ఉందనే అనుకుంటానని ముందే అంటాడు. అప్పుడు అమ్మేవాడి మౌనం కూడా మాట్లాడినట్టే లెక్క.

ఆ చట్టం రాసినవాళ్లు కొడుకు అనలేదు, తమ్ముడు అనలేదు. కూతురు అన్నారు. చదివినప్పుడు నాకు ముచ్చటేసింది. వెంటనే యింకో అనుమానమూ వచ్చింది. కన్నకూతురికైతే చెప్పాలి, ఊరివాళ్ల కూతురికి అక్కర్లేదా? నిజం చెప్పడానికి ఎంత దగ్గర చుట్టరికం ఉండాలి?

ఈ ప్రశ్న కార్లు రాకముందునించీ మనింట్లో ఉన్నదే. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. అబద్ధాలు ఆడేవాళ్లు నిజానికి తక్కువ. ఎక్కువమంది ఊరుకుంటారు. పెళ్లికొడుక్కి మూర్ఛలున్నాయని, ఆస్తి మీద అప్పులున్నాయని పెళ్లిపీటల మీదా చెప్పరు, అప్పగింతలప్పుడూ చెప్పరు. ఆర్నెల్ల తర్వాత పిల్ల తండ్రి వెళ్లి అడిగితే, "మీరు అడిగారా? అడిగితే చెప్పేవాళ్లం కదా!" అంటారు, ఎంతో న్యాయంగా. అలా ఊరుకున్నందుకు ఖరీదు చెల్లించిన ఆడపిల్లలు మనందరి చుట్టాల్లోనూ ఒకరో యిద్దరో ఉంటారు. అందుకే యీ మాట మగవాళ్ల నోట వ్యాపారసూత్రంలా వినిపించినా, నా చెవికి అలా వినిపించదు.

మా ఎదురింటివాళ్లు వాళ్ల సెడాన్ అమ్మకానికి పెట్టినప్పుడు యిదే గొడవ వచ్చింది. అంతకు ఏడాది ముందు దాని ముందుభాగం డివైడరుకి గుద్దుకుని రెండు ఎయిర్‌బ్యాగులూ విచ్చుకున్నాయి. ఇన్సూరెన్సు థర్డ్ పార్టీదే. కొత్తవి వేయించాలంటే మాటలు కాదని, షెడ్డువాడు టింకరింగూ పెయింటింగూ చేసి, ఎయిర్‌బ్యాగుల చోట మూతలు బిగించి, ఆ దీపం వెలక్కుండా చేసిచ్చాడు. బండి చూస్తే బొమ్మలా ఉండేది. కొనడానికి ఒక చిన్నజంట వచ్చారు. అబ్బాయి ఇంజను శబ్దం విన్నాడు, మైలేజీ అడిగాడు. అమ్మాయి ఏడాది పిల్లని చంకనేసుకుని నిలబడి, "బండి మంచిదేనాండీ ఆంటీ?" అంది. అంతే అడిగింది.

ఎదురింటావిడ చెప్పేసింది.

బేరం అక్కడే ఆగిపోయింది. వాళ్లు మర్యాదగా దణ్ణం పెట్టి వెళ్లిపోయి, వారం తిరక్కుండా యింకెక్కడో కారు కొనుక్కున్నారట. ఆయన నాలుగురోజులు ఆవిడతో మాట్లాడలేదు. "ప్రాణం మీదకొచ్చినా, డబ్బు పోతున్నా బొంకవచ్చని శుక్రాచార్యుడంతటివాడే చెప్పాడు" అని మావారి దగ్గర వాపోయాడు. చెప్పిన మాట నిజమే. అయితే ఆ సలహా విన్న బలిచక్రవర్తి దాన్ని పాటించలేదు. పాటించనందుకు ఆయనకీ మిగిలిందేమీ లేదనుకోండి! ఆ వాదనలో ఎదురింటాయన పక్షానా కొంత బలముంది.

నాకు ఆయన వాదనలో నచ్చనిది ఒక్కటే, 'పోతున్న డబ్బు' అన్నమాట. చెబితే అరవైవేలు పోతాయంటాడు. ఏవా అరవైవేలు? బండిలో లేని ఎయిర్‌బ్యాగుల ధర. లేని వస్తువుకి రావలసిన డబ్బు రాకపోతే దాన్ని పోవడమంటారా? అన్ని లోపాలూ ఒక గాటన కట్టమని నేననను. తలుపు రెండుసార్లు వేస్తేగానీ పడదనుకోండి, ఏసీ కాస్త మందగించిందనుకోండి, అవి చూసుకోవడం కొనేవాడి పని. బేరంలో తేలతాయి. బ్రేకులో లోపం, ఎయిర్‌బ్యాగులు లేకపోవడం, నీళ్లలో మునిగిన వైరింగు, యివి అలాంటివి కావు. వీటికి ఖరీదు కట్టేది డబ్బుతో కాదు, అదీ బేరమాడినవాడు ఒక్కడే కాదు. చంకలో పిల్ల ఏ బేరమూ ఆడలేదు. అక్కడ చుట్టరికం వెతకనక్కర్లేదంటాను.

కానీ ఒకటి మాత్రం నాకు కొరుకుడు పడలేదు. ఆ జంట వెళ్లి కొన్న రెండో కారు సంగతేమిటి? నిజం చెప్పినావిడ బండి షెడ్డులో మిగిలింది. నోరు మూసుకున్నవాడి బండి బహుశా అమ్ముడుపోయింది. ఆకెర్లాఫ్ లెక్క ప్రకారం బజారులో నిమ్మకాయలు మిగిలేదే యిలాగ. చివరికి ఎదురింటివాళ్లు చాలా తక్కువకి ఒక డీలరుకి యిచ్చేశారు. కాగితం మీద ఆవిడ లోపం రాసి మరీ సంతకం పెట్టింది. ఆ డీలరు తర్వాతివాళ్లకి ఆ కాగితం చూపించాడో, చింపేశాడో ఎవరికి తెలుసు? మన నిజం ఒక చెయ్యి దాటితే దానికి కాళ్లుంటాయా? ఆవిడ అప్పుడప్పుడు యిదే అడుగుతుంది నన్ను. నేను మాట మార్చేస్తాను.

బండి మటుకు అంత తొందరగా మనల్ని వదలదు. చేతులు మారుతూ పోయిన ఒక కారు ఏక్సిడెంటు కేసులో, ఆర్.సి.లో పేరు ఎవరిదుంటే పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. డబ్బు పుచ్చుకుని తాళాలిచ్చేసినా, ఏళ్ల తరబడి బండి మొహం చూడకపోయినా సరే. అందుకని అమ్మేవాళ్లు 29, 30 నంబర్ల ఫారాల మీద సంతకాలు పెట్టి ఊరుకోకుండా, పేరు మారిందో లేదో చూసుకునేదాకా వెంటపడాలి. ఈ పని మగవాళ్లు మర్చిపోతారు. మీరు గుర్తు చెయ్యండి.

మా యింట్లో ప్రస్తుతానికి పాతదే, మధ్యరకం సెడానే చూస్తున్నాం. తెలిసినవాళ్ల బండి అయితే మరీ మంచిదని మావారంటారు. తెలిసినవాళ్లని లోపాలు అడగడానికి మొహమాటమని నేనంటాను. ఈలోగా మా పాతబండి అమ్మాలి కదా, ఒక తెల్లకాగితం మీద దాని రోగాలన్నీ రాయమన్నాను. బుద్ధిగా ఏడు రాశారు, క్లచ్చుతో సహా. ఎనిమిదోది, వర్షాకాలంలో వెనక దీపంలోకి నీళ్లు దిగుతాయన్నది, రాయాలా వద్దా అని నిన్న రాత్రినించీ వాదించుకుంటున్నాం. "ఇది ప్రాణానికి సంబంధించింది కాదు కదా" అంటారాయన. రాత్రిపూట వెనకొచ్చే లారీవాడికి ఆ దీపమే కదా కనిపించాలి, అంటున్నాను నేను.