పూర్ణా మార్కెట్ బనియను, రాకీ కొండల ఉన్ని

సెప్టెంబరులో అమెరికాలోని రాకీ పర్వతాలకు విల్లంబులతో ఎల్క్ అనే పెద్ద జింకల వేటకు వెళ్లేవారికి మందపాటి కోటు ఒక్కటే ఉంటే చాలదు. ఒకదానిమీద ఒకటి తొడుక్కోవడానికి, వేడెక్కినప్పుడు ఒక్కొక్కటే తీసేయడానికి వీలైన నాలుగైదు పలుచని బట్టలు కావాలి. ఆ పర్వతాలున్న కొలరాడో రాష్ట్రంలో విల్లు వేట గడువు దాదాపు సెప్టెంబరంతా ఉంటుంది. మగ ఎల్క్‌లు జత కోసం కొండలు మారుమోగేలా అరిచే కాలం కూడా అదే. సముద్రమట్టం నుంచి ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు పడిపోతుంది. మూడు వేల మీటర్ల ఎత్తున తెల్లవారుజామున సీసాలో నీళ్లు గడ్డకట్టే చలి ఉండవచ్చు. అదే చోట మధ్యాహ్నానికి చొక్కా చేతులు పైకి మడుచుకోవాల్సి వస్తుంది. పొద్దు వాలేలోగా ఉరుముల వానో, వడగళ్లో పడటం కూడా మామూలే.

ఈ లెక్క సముద్రతీరంలో పెరిగినవారికి ఒకపట్టాన ఒంటబట్టదు. విశాఖపట్నంలో డిసెంబరు, జనవరి రాత్రుల్లో కూడా చలి ఒక దుప్పటితో తీరిపోతుంది. అక్కడ ఏడాది పొడుగునా ఒంటికి హాయినిచ్చేది నూలు బట్టే. పూర్ణా మార్కెట్‌లో పొద్దు పొడవకముందే కూరగాయల బస్తాలు దించే కళాసీని చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. ఒంటిమీద నూలు బనియను, భుజాన తుండు. పది బస్తాలు మోసేసరికి బనియను తడిసి వీపుకు అంటుకుపోతుంది. గాలి తగిలినప్పుడల్లా ఆ తడి ఒంటి వేడిని లాగేసి చల్లబరుస్తుంది. ఉక్కపోత ఊళ్లో నూలు చేసే మేలు అదే. చెమటను పీల్చి, చాలాసేపు పట్టి ఉంచి, మెల్లగా ఆరుతుంది.

కొండమీద చలిలో ఆ గుణమే ప్రాణం మీదికి తెస్తుంది. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. చీకట్లో నిట్టనిలువు వాలు ఎక్కి, చెమటతో తడిసిన నూలు బనియనుతో శిఖరం అంచున గాలికి ఎదురుగా అరగంట కదలకుండా కూర్చుంటే వణుకు మొదలవుతుంది. ఆ తర్వాత వేళ్లు మొద్దుబారతాయి, మాట తడబడుతుంది. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే కిందికి దిగితే వైద్యులు దాన్ని హైపోథర్మియా అంటారు. దానికి మంచు కురవనక్కర్లేదు. ఐదారు డిగ్రీల చలి, తడి బట్ట, గాలి కలిస్తే చాలు. అందుకే ఎల్క్ వేటకు బట్టలు ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది ఏది ఎంత వెచ్చన అని కాదు, చెమట పడితే ఎంత త్వరగా ఆరుతుందో, తడిసినా ఎంత వేడి నిలుపుతుందో చూడాలి. బనియను, లోదుస్తులు, మేజోళ్లు అన్నీ నూలు కానివే అయి ఉండాలి. ఈ విషయంలో రాజీ పనికిరాదు.

ఒంటికి ఆనుకుని ఉండే పొరకు మెరీనో ఉన్ని మేలైనది. ఉన్ని అనగానే చిన్ననాటి స్వెటరు గరగర గుర్తుకొస్తుంది కాని, మెరీనో గొర్రె బొచ్చు పోగు చాలా సన్నం, చర్మానికి గుచ్చుకోదు. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పోగుల లోపలికి పీల్చుకున్నా తడిగా తోచదు, తడిసినా కొంత వేడి నిలుపుతుంది. చెమట వాసన త్వరగా పట్టదు కనుక నాలుగైదు రోజుల మకాంలో ఒకే చొక్కాతో గడపవచ్చు. పాలియెస్టర్ ఇంతకంటే త్వరగా ఆరుతుంది, చవక, ఎక్కువకాలం మన్నుతుంది. కాని ఒక్క రోజుకే వాసన పడుతుంది. డబ్బుకు వెనకాడేవారు పాలియెస్టర్‌తో మొదలుపెట్టినా తప్పులేదు. తొలిపొర మందంగా ఉండకూడదు, వదులుగానూ ఉండకూడదు.

దానిమీద ఫ్లీస్ అనే మెత్తటి సింథటిక్ గుడ్డతో చేసిన పలుచని చొక్కా ఒకటి కావాలి. లోపలివైపు గళ్లు గళ్లుగా నేసినదైతే గళ్ల మధ్య గాలి నిలిచి వెచ్చదనం ఇస్తుంది, నడిచేటప్పుడు ఆవిరి బయటికి పోతుంది. ముందువైపు జిప్పు, తలకు టోపీ ఉన్నది ఎంచుకోవాలి. జిప్పు కిందికి లాగితే సగం పొర తీసేసినట్టే. మూడోది దూది దట్టించినట్టుండే తేలికపాటి జాకెట్. ఇది నడిచేటప్పుడు వేసుకునేది కాదు, కూర్చున్నప్పుడు వేసుకునేది. బాతు ఈకలతో చేసినది బరువు తక్కువ, వేడి ఎక్కువ. కాని తడిస్తే ముద్దకట్టి పనికిరాకుండా పోతుంది. సింథటిక్ పోగులు నింపినది కొంచెం బరువైనా తడిని ఓర్చుకుంటుంది. వాన నమ్మరాని సెప్టెంబరుకు రెండోదే నయం.

పొరలు కొనడం సులువే, వాటిని వాడే తీరు అలవాటు కావడం కష్టం. కొలరాడోలో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి బాణం వేయవచ్చు, కాబట్టి నడక చిమ్మచీకట్లోనే మొదలవుతుంది. గుడారంలోంచి బయటికి రాగానే చలికి భయపడి అన్నీ తొడుక్కుంటే పావుగంటలో వీపు తడుస్తుంది. తొలి పది నిమిషాలు కాస్త చలి వేసేటట్టుగానే బయల్దేరాలి. ఎక్కుడు మొదలయ్యే ముందే ఆగి ఒక పొర తీసి సంచిలో పెట్టాలి. పైకి చేరాక ఊపిరి కుదుటపడేలోపు, ఒళ్లు చల్లబడకముందే, జాకెట్ తొడుక్కోవాలి. చలి వేశాక వేసుకుంటే ఆలస్యమైనట్టే.

అన్నిటికంటే పైపొర వానకూ గాలికీ. నీళ్లు చొరని వానకోటు ఎప్పుడూ సంచిలో ఉండాలి, కాని వేటాడేటప్పుడు ఒంటిమీద ఉండకపోవడమే మంచిది. ఆ గుడ్డ కొమ్మకు రాసుకుంటే గరగరమంటుంది, ఎల్క్ చెవులు దాన్ని దూరంనుంచే పసిగడతాయి. దగ్గరికి జరిగే వేళ బయటివైపు మెత్తటి ఫ్లీసో, ఉన్నో ఉండాలి.

విల్లు పట్టేవారికి బట్ట విషయంలో మరో చిక్కు ఉంది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచింది కాంపౌండ్ విల్లుతో. ఎల్క్ వేటలో ఎక్కువమంది వాడేది ఆ రకం విల్లే. క్రీడామైదానంలో విలుకాళ్లు బిగుతు చేతుల చొక్కాతో నిలబడతారు. కొండమీద వేటగాడు ఉబ్బు జాకెట్ వేసుకుని ఉంటే, వదిలిన అల్లెతాడు ముంజేతి దగ్గరి గుడ్డకు తగిలి బాణం పక్కకు పోతుంది. తప్పిన బాణం గాయం చేసిందంటే ఆ మృగం రోజుల తరబడి బాధపడి ఎక్కడో చావవచ్చు. బట్టల ఎంపిక ఇక్కడ సౌఖ్యంతో ఆగక ధర్మానికి సంబంధించిన విషయమవుతుంది. అందువల్ల వేటకు ముందే పెరట్లో, వేసుకోబోయే అన్ని పొరలతో, చేతితొడుగులతో, కూర్చుని, మోకరిల్లి బాణాలు వేసి చూడాలి. ముంజేతికి పట్టీ కట్టుకోవాలి. వణికే చేత్తో బాణం వేయకపోవడం మొదటి నియమం కావాలి. చాలామంది 40 గజాల లోపు నుంచే వేస్తారు, అంత దగ్గరికి చేరడానికి గంటల ఓపిక కావాలి, ఆ ఓపికకు పొడిగా ఉన్న ఒళ్లు కావాలి.

వాసన సంగతికొస్తే, తెలుగువారి ఇళ్లలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. ఇంగువ తిరగమోత, అగరొత్తులు, కొబ్బరినూనె వాసనలు ఫ్లీస్‌కు అంటుకుంటే ఒక పట్టాన వదలవు. వేట బట్టలను వంటింటికి దూరంగా, మూతపెట్టెలో ఉంచాలి. బట్టలు తెల్లబడటానికి నీలిమందు పెట్టే అలవాటు, మెరుపునిచ్చే సబ్బుపొడి వాడే అలవాటు కూడా మానాలి. జింక జాతి కళ్లు ఎరుపు, నారింజ రంగులను సరిగా గుర్తించలేవు గాని, నీలం వైపు కాంతిని బాగా పట్టుకుంటాయి. ఎన్ని చేసినా గాలివాటానికి ఎదురు నిలవవు. పొద్దున చల్లగాలి లోయలోకి దిగుతుంది, ఎండెక్కాక పైకి ఎక్కుతుంది. మనిషి వాసన ఆ దారినే పోతుంది.

కాళ్లకు అంత చలి వేయదు. జేబుల దగ్గర జిప్పుతో గాలి ఆడే ప్యాంటు ఒకటి, సంచిలో మడిచిన పలుచని ఉన్ని లోపలి ప్యాంటు ఒకటి చాలు. రెండు జతల ఉన్ని మేజోళ్లలో ఒక జత ఎప్పుడూ పొడిగా ఉండాలి. తలకు ఉన్ని టోపీ, మెడకు గొట్టంలాంటి గుడ్డ, వేళ్లకు అల్లెతాడును వదిలే మీట స్పర్శ తెలిసేంత పలుచని తొడుగులు చాలు.

అమెరికాలో స్థిరపడినవారికి విశాఖ నుంచి అమ్మానాన్నలు పంపే స్వెటర్లు చాలావరకు అక్రిలిక్‌వి. సాయంత్రం మకాంలో కూర్చోవడానికి అవి బాగుంటాయి, కొండెక్కడానికి కాదు. పొరల అలవాటును స్వదేశంలోనే చేసుకోవాలనుకునేవారికి విశాఖకు వంద కిలోమీటర్ల దూరంలో, వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగి మంచి చోటు. అక్కడి డిసెంబరు తెల్లవారుజామున కొండెక్కి ఆగితే నూలుకూ ఉన్నికీ తేడా వీపే చెబుతుంది. అక్కడ కొండ ఎక్కడమే తప్ప వేట కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దేశంలో వన్యప్రాణుల వేట నిషిద్ధం. కొలరాడోలో వేట లైసెన్సుకు, 1949 జనవరి 1న గాని ఆ తర్వాత గాని పుట్టినవారంతా వేటగాళ్ల శిక్షణ పూర్తిచేసి ఉండాలి. పరదేశంలో స్థిరపడిన కుటుంబాలు పిల్లలతో కలిసి ఆ తరగతులకు వెళ్లడం మెచ్చుకోదగ్గది. వేరొకరి నేలపై వారి నియమాన్ని శ్రద్ధగా నేర్చుకోవడం కూడా సంస్కారమే.

వేట ఫలించాక బట్టల అసలు పరీక్ష మొదలవుతుంది. తినదగ్గ మాంసాన్ని అడవిలో వదిలేయడం కొలరాడోలో నేరం. ఒక్క మగ ఎల్క్ నుంచి ఎముక తీసిన మాంసమే సుమారు 90 కిలోలు వస్తుంది. దాన్ని వీపున మోస్తూ చీకట్లో పలుమార్లు తిరగాలి. ఆ మోతలో తొలిపొర ఒక్కటే ఉంచుకోవాలి, పొడి చొక్కా ఒకటి ఎవరూ ముట్టకుండా మకాంలో దాచి ఉంచాలి. మాంసాన్ని పలుచని నూలు సంచుల్లో కట్టి నీడన వేలాడదీస్తే గాలి ఆడి చల్లారుతుంది, ఈగ వాలదు. ఆ మాంసాన్ని పొరుగువారికి, తోటి తెలుగు కుటుంబాల్లో తినేవారికి పంచడం చాలామంది వేటగాళ్ల మర్యాద.

కాలం ముగిశాక ఉన్ని బట్టలను చల్లని నీళ్లలో, వాసనలేని సబ్బుతో ఉతికి, పిండకుండా పరిచి ఆరబెట్టాలి. చిమ్మెటలు చెమట అంటిన ఉన్నినే ముందు కొరుకుతాయి. కలరా ఉండలు వేస్తే ఆ ఘాటు మరుసటి సెప్టెంబరుకు కూడా పోదు గనుక, బట్ట పూర్తిగా ఆరాక గాలి చొరని పెట్టెలో పెట్టడం మేలు.