మూల కూర్చున్న హనుమంతుడు

చైత్ర పౌర్ణమి, అప్రైజల్ సీజను ఏటా కలిసే వస్తాయి. రేపటి పేజీకి హనుమజ్జయంతి మీద నాలుగు మాటలు పంపాలి. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పిల్లలేమో సెల్ఫ్ అప్రైజల్ ఫారాలు నింపుకుంటున్నారు. రెండూ కలిపే చెప్పేస్తాను. ఆ ఫారం ఒకటి చదివాను. ప్రతి వాక్యానికీ ముందు ‘ఐ’ నిలబడి ఉంది. పదిమంది చేసిన పనికి పదిమందీ నాయకులేనట!

‘నేను’ అనకుండా పనిచేయడం ఎలాగో చూడాలంటే, శిల్పారామంలో కచేరీ పడితే ఒకసారి గాయకుణ్ణి వదిలి ఫిడేలు వాయించేవారిని గమనించండి. రాగం ఎత్తుకోగానే అరక్షణం వెనకే నడవాలి. గొంతు ఎటు మళ్లుతుందో ముందే రాసిపెట్టి ఉండదు. ఆయన ఆగి గుక్కెడు కాఫీ తాగేలోపు ఫిడేలు వంతు. అప్పుడైనా దారి తప్పకూడదు, తన తీరు చూపకుండానూ ఉండకూడదు. అన్నిటికీ చెవే ఆధారం.

ద్వారం వెంకటస్వామినాయుడుగారికి ఆ చెవి మరీ అవసరమైంది. చిన్నప్పటి నుంచీ చూపు ఆనక బడి మానేశారు, అన్నగారి దగ్గర ఫిడేలు పట్టారు. విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరదామని వెళితే ఆచార్యుడిగా వేసుకున్నారని చెప్పుకుంటారు. అది 1919. ఆదిభట్ల నారాయణదాసుగారి తర్వాత 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. పక్కవాద్యంగానే అందరికీ తెలిసిన ఫిడేలుతో 1938లో వేలూరులో సోలో కచేరీ చేశారు. 1941లో సంగీత కళానిధి వచ్చింది. షికాగోలో బ్లూస్ గిటారిస్టు బడ్డీ గై కూడా మడ్డీ వాటర్స్ పక్కన వాయించి పైకొచ్చినవాడే. మడ్డీ 1964 నాటి ‘ఫోక్ సింగర్’ ఆల్బంలో గైది పక్క గిటారే. వీకెండుకి గిటారు పట్టే మన కుర్రాళ్లకు ఆయన తెలుసు. నాయుడుగారి పేరెత్తితే ‘ఎవరండీ?’ అంటారు.

ఇక హనుమంతుడి కథకు, సీతమ్మను వెతుకుతూ వచ్చిన వానరులు లంకకు దూకాల్సిన సముద్రపు ఒడ్డుకు వద్దాం. ఎవరెంత దూకగలరో చెప్పమన్నాడు అంగదుడు. పది యోజనాలన్నాడు గజుడు, ఇరవై అన్నాడు గవాక్షుడు, అలా పెరిగి జాంబవంతుడి తొంభై దాకా వచ్చింది. వానరసేన సెల్ఫ్ అప్రైజల్ అది! ఒక్కరూ ఒక్క యోజనం ఎక్కువ కలపలేదు చూశారా? నూరూ దూకగలనన్న అంగదుడు కూడా తిరిగి రాగలనో లేదో అని ఒప్పుకున్నాడు. సుగ్రీవుడి మంత్రిగా, ఒకరి తరఫున మాట్లాడుతూ వచ్చిన హనుమంతుడు మాత్రం ఓ మూల మౌనంగా ఉన్నాడు. లేపింది జాంబవంతుడు.

నా కోపం పిల్లల మీదకన్నా మేనేజర్ల మీదే ఎక్కువ. గట్టిగా చెప్పుకున్నవాడికి రేటింగు వేసేస్తే మూల ఉన్నవాణ్ణి లేపేదెవరు? నాయుడుగారిని ‘నువ్వు నేర్చుకోవడం కాదు, నేర్పు’ అన్నవాళ్లు విజయనగరంలో ఉన్నారు గనుక సరిపోయింది.

లంక నుంచి తిరిగొచ్చాక జాంబవంతుడు అడిగితే హనుమంతుడు జరిగిందంతా చెప్పాడు. చాలాసేపే చెప్పాడు. పట్టుబడ్డ సంగతి దాచలేదు. లంకకు నిప్పంటించాక, అయ్యో, సీతమ్మ కూడా కాలిపోయిందేమోనని తాను హడలిపోయిన సంగతీ దాచలేదు. మన ఫారాల్లోనూ లోపాలు రాయమని ఓ గడి ఉంటుంది. ‘పనిలో పడితే టైమే చూసుకోను’ అని రాస్తున్నారు అందులో!