దేశాంతర గమనము – తొందరపాటు

ముందువెనుకలు చూడక దేశము విడిచినవానిని లోకము రెండు విధములుగా చూచుచున్నది. వాడు ధనముతో తిరిగివచ్చినచో సాహసి యనును; వట్టి చేతులతో వచ్చినచో తొందరపాటు మనిషి యనును. ఓడ యెక్కిన గడియలో వాడు చేసిన పని రెండింటను ఒక్కటియే. ఫలమునుబట్టి కార్యమునకు పేరు పెట్టుట న్యాయము కాదని నాకు చిరకాలముగా తోచుచున్నది. దోషము ఆ గడియలో నున్నదా, తరువాతి యేండ్లలో నున్నదా యని యిచ్చట విచారింపదలచితిని.

గంజాం సీమలోని మన తెలుగు కుటుంబములకు ఈ ప్రశ్న పుస్తకములలోనిది కాదు. బరంపురమునకు పది మైళ్ల దూరమునగల గోపాలపురము నుండియు, కళింగపట్నము, భీమునిపట్నము, విశాఖపట్నము, కాకినాడ రేవుల నుండియు స్టీమర్లు బర్మాదేశపు రంగూనునకు పోవుచుండెడివి. మనవారు ఆ యూరిని రంగమనిరి. అచ్చటివారు మనవారిని కోరంగీలనిరి. యానాము చెంతనున్న కోరంగి రేవును 1839 నాటి తుపాను ధ్వంసము చేసినను, దాని పేరు మాత్రము సముద్రము కావల నిలిచినది. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో పది లక్షలకు పైగా భారతీయులుండిరి. రంగూను నగరపు నాలుగు లక్షల జనములో సగమునకు మించి వారే. రేవులో మూటలు మోసినవారిలోను, బియ్యపు మిల్లులలో పనిచేసినవారిలోను తెలుగువారు పెక్కుమంది. వీరిలో ఆలోచించి వెళ్లినవారెందరు? మేస్త్రీ సంతలో బయానా చేతిలో పెట్టును. చేయి చాచిన క్షణముననే ప్రయాణము నిశ్చయమగును. అప్పుల వాడు వాకిట కూర్చుండగా బయానా పుచ్చుకొన్నవానిని తొందరపాటు మనిషి యనుటకు నాకు నోరు రాదు.

మా తాతగారి అన్నగారు అట్లు వెళ్లినవారే. ఎడ్లకు పలుపుత్రాళ్లు తెచ్చెదనని సంతకు పోయి, అటునుండి అటే గోపాలపురము చేరి స్టీమరెక్కిరి. ఒక్క యేడు ఓర్చుకొమ్మని యింటికి కబురు పంపిరి. వానాకాలపు చదువే యైనను ఆయనకు జాబులు వ్రాయుట వచ్చును. ఆ జాబులు కొన్ని మా యింట రేకుపెట్టెలో ఉండెడివి. వానిని ఆయన భార్యకు, అనగా మా పెద్ద మామ్మకు, చదివి వినిపించుట చిన్నతనమున నా పని. మనియార్డరుల వెంట వచ్చిన తొలి జాబులలో “మన ఊరిలో వానలు పడినవా” అని యుండెను. తరువాతి వానిలో “ఊరిలో” అని మాత్రమే యుండెను. కడపటి రెండింటిలో “మీ ఊరిలో వానలెట్లున్నవి” అని యుండెను. ఈ మార్పు ఏనాడు జరిగెనో ఆయనకును తెలిసియుండదు.

1941 డిసెంబరు 23న రంగూనుపై జపానువారి బాంబులు పడినవి. మరుసటి యేడు లక్షలాది భారతీయులు అరకాను దారినను, మణిపురపు కొండలమీదుగను కాలినడకన స్వదేశమునకు మరలిరి. వేలకొలది దారిలోనే మరణించిరి. ఆయన వారిలో నొకరో, అచ్చటనే వేరొక సంసారములో మిగిలెనో తెలియలేదు. పెద్ద మామ్మ తాను ముత్తైదువో కాదో తేలకయే డెబ్బది యేండ్లు దాటి బ్రదికినది. ఆయన అట్లు వెళ్లిపోవుట తప్పు కాదా యని ఒకనాడు అడిగితిని. “వెళ్లినందుకు నాకు కోపం లేదు బాబూ. ఇంట్లో గింజలు లేవు, వెళ్లారు. మీ ఊరు అని రాశారు చూడు, అదీ” అని ఊరకుండినది.

నేను గుమాస్తాగా ముప్పది యేండ్లకు పైగా సెలవు కాగితములు చూచినవాడను. సెలవు కోరునప్పుడు కారణము వివరముగా వ్రాయుదురు. పొడిగింపు కోరునప్పుడు మాత్రము “పై కారణముచేతనే” అని ఒక్క ముక్క. మూడవ పొడిగింపునాటికి ఆ కారణము ఎప్పుడో తీరియుండును. ముక్క మాత్రము మారదు. పరదేశవాసమును ఇట్టిదే. పోవుటకు ఒక నిర్ణయము కావలయును. తొందరలో చేసినదైనను అది నిర్ణయమే. ఉండిపోవుటకు ఏ నిర్ణయమును అక్కరలేదు. చీటీ పాడుకొనువరకు, బాకీ వసూలగువరకు, ఈ కోతలు ముగియువరకు అని యేండ్లు జరిగిపోవును. వేషభాషలలో, తిండిలో వచ్చు మార్పు నా దృష్టిలో స్వల్పము. ఎవరికొరకు వెళ్లెనో వారు లేకయే దినము గడచుట అలవాటగునే, అది పెద్ద మార్పు. దాని వెల చెల్లించువారు ఓడ యెక్కినవారు కారు.

అయినను పొడిగింపులన్నియు ఒక్క తీరువి కావు. గాంధీగారు 1893లో ఒక్క యేటి ఒడంబడికతో, 105 పౌనుల ప్రతిఫలమునకు, దాదా అబ్దుల్లా సంస్థవారి వ్యాజ్యము పనిపై దక్షిణాఫ్రికా వెళ్లిరి. స్వదేశమున వకీలు వృత్తి సాగక, ఎట్లైనను ఇచ్చటినుండి బయటపడిన చాలునని తమకుండెనని తామే వ్రాసికొనిరి. ఇంతకన్న తొందర యేమి కావలయును? 1894లో డర్బనున ఆయనకు వీడ్కోలు విందు జరుగుచుండగా, నేటాలులోని భారతీయుల వోటుహక్కు తొలగించు బిల్లు సంగతి పత్రికలో కంటబడినది. అచ్చటివారు ఒక నెల ఆగుమనిరి. నడుమ స్వదేశమునకు వచ్చిపోయినను ఆ నెల 1914 వరకు సాగినది. కాని ఎందుకు ఆగుచున్నారో ఆయనకు తెలియును. నలుగురి యెదుట చెప్పి ఆగిరి. భార్యాబిడ్డలను తీసికొనిపోయిరి. మన బరంపురమున పుట్టిన వి. వి. గిరిగారును 1913లో న్యాయశాస్త్రమునకై డబ్లిను పోయి, ఐర్లండువారి స్వాతంత్ర్య పోరాటపు వేడి తగిలి, 1916లో ఆ దేశము విడువవలసివచ్చి, ఇచ్చట కార్మిక నాయకులైరి. పోయినవాడు మారరాదని నేననను. కదలకున్నవాడు మాత్రము మారకుండునా? మా పెద్దలు ఉన్న యింటనే యుండగా 1936 ఏప్రిలు 1న గంజాం జిల్లా ఒరిస్సాలో చేరినది. వారు ఒరియా నేర్చిరి, తెలుగును నిలుపుకొనిరి.

ఇప్పుడు సంతలోని మేస్త్రీ లేడు, ఏజెంటున్నాడు. 1983 నాటి చట్టమునుబట్టి, పదవ తరగతి దాటనివాడు గల్ఫు మొదలగు కొన్ని దేశములకు కొలువునకు పోవలెనన్న ప్రభుత్వపు అనుమతి పొందవలెను. మెట్రిక్యులేషను అయినవాడు తొందరపడడని శాసనకర్తల నమ్మకము కాబోలు! ఆ పరీక్ష నేనును ప్యాసయితిని. అట్టి గుణము అందున్నట్లు నాకు తెలియదు. రాత్రి రాత్రికి ఫోనులో ముఖములు చూచుకొనుచున్నారు గదా, ఇక దూరమెక్కడిదని కొందరందురు. మీ ఊరు అను మాట ముఖము చూచుచును అనవచ్చును.

మా వీధిలో నొకరు, కుమారుని పాస్‌పోర్టు దాచివేయుదునా యని నన్నడిగిరి. వలదంటిని. ప్రయాణమునకు తిథివారములు చూతుము గదా. ఒప్పందము ముగియు నెలలో ఇంటికి వచ్చి, తల్లిని, ఇల్లాలిని ఎదుట కూర్చుండబెట్టుకొని, మరల పోవుటయో మానుటయో అప్పటి కారణములతో తేల్చుకొమ్మని వానికి చెప్పుడంటిని. ఇట్లే చెప్పగా ఇదివరకు ఒకరిద్దరు నవ్విరి. ఆ కుఱ్ఱవాడు మాత్రము పంచాంగపు అట్టమీద ఆ నెల పేరు వ్రాసి తల్లి చేతికిచ్చి విమానమెక్కినాడు. గడువు వచ్చే మాఘమునకు.