నేలలో దాచిన త్రాసు

మా ల్యాబ్ నేలలో రెండు ఫోర్స్ ప్లేట్లు బిగించడానికి పదిహేను రోజులు పట్టింది. మనిషి అడుగు వేసినప్పుడు నేలని ఎంత బలంతో, ఏ దిక్కుకి నెడుతున్నాడో కొలిచే పలకలవి. గుంట తవ్వి, మిగతా నేలతో సంబంధం లేకుండా విడిగా కాంక్రీటు దిమ్మె పోసి, దాని మీద ఫ్రేము పెట్టి, రసమట్టంతో చూసుకుంటూ బిగించాలి. గ్రౌండ్ ఫ్లోర్ అయితేనే మేలు. పై అంతస్తుల్లో పక్కన ఎవరు నడిచినా ఆ అదురు లెక్కలోకి వచ్చేస్తుంది.

ప్లేటు చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల సందు వదిలాం. మర్నాడు వచ్చేసరికి మేస్త్రీ దాన్ని వైట్ సిమెంటుతో నీటుగా పూడ్చేశాడు. "సందు వదిలేస్తే పని రానోడు చేశాడంటారు మేడం" అన్నాడు. ప్లేటెక్కి చూస్తే నా బరువు తక్కువ చూపించింది. మిగతాది సిమెంటు గుండా పక్క నేలలోకి పోయింది. గీకి తీయించాం.

తర్వాత గదంతా పరిచిన వినైల్ షీటునే ప్లేటు సైజుకి కోసి పైన అతికించాం. చూడగానే కనపడదు. కనపడకూడదు కూడా. ఎక్కడుందో తెలిస్తే మనిషి దాని మీద కాలు పడేలా అంగ పెంచుతాడు, తగ్గిస్తాడు. అప్పుడు మాకు దొరికేది మాకోసం నడిచిన నడక.

మరి, నిజం తెలుసుకోవడానికి ఒక మనిషి దగ్గర ఒక సంగతి దాచొచ్చా?

ఇది సరదా యంత్రమైతే ఈ ప్రశ్న అక్కర్లేదు. 1916లో ఫ్రాన్స్‌లో జూల్ అమార్ ఇలా అడుగు బలం కొలిచే బాట తయారుచేసినప్పుడు, అతని ముందున్నది యుద్ధంలో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న సైనికులు. మా దగ్గరికొచ్చేదీ ఎక్కువగా అలాంటి అవసరం ఉన్నవాళ్లే.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న తొమ్మిదేళ్ల పిల్లాడొకడు వచ్చాడు. మునివేళ్ల మీద నడుస్తాడు. పిక్కని మడమకి కలిపే స్నాయువుని పొడిగించే ఆపరేషన్ చేయాలా వద్దా అని తేల్చడానికి డాక్టరు చూసేవాటిలో మా గ్రాఫు ఒకటి. అది మరీ పొడుగైతే మోకాళ్లు వంగి నడక కుంగిపోవచ్చు. వెనక్కి తిప్పుకోవడం తేలిక కాదు.

"అక్కా, మెషీన్ ఏదీ?"

"మెషీన్ ఏం లేదు నాన్నా, ఊరికే నడువు."

ఒక పాదం పూర్తిగా ప్లేటు లోపల పడాలి, రెండోది దాన్ని తాకకూడదు. లేదంటే ఆ అడుగు పనికిరాదు. అందుకని ఎందుకో చెప్పకుండా వాణ్ణి జానెడు ముందుకీ వెనక్కీ నిలబెట్టి మళ్లీ మళ్లీ నడిపించాం. పన్నెండోసారి ఆగి, వంగి, ఆ సందుని వేలితో తడిమాడు. "ఇదే కదా?" అన్నాడు. అప్పట్నుంచి మడమ ఆనించాలని తంటాలు పడుతూ, సరిగ్గా ప్లేటు మధ్యలో అడుగేసి నా మొహంలోకి చూడ్డం మొదలుపెట్టాడు, మార్కులు వేయమన్నట్టు. "చూశారా, ఎంత బాగా నడిచాడో!" అంది వాళ్లమ్మ. ఆ అడుగులన్నీ తీసేశాం.

నా అబద్ధం కూడా ఆ వైట్ సిమెంటు లాంటిదే. పైకి నున్నగా ఉంది, లోపల లెక్క తప్పింది.

ప్లేటుని దాచడం తప్పని ఇప్పటికీ అనుకోను. దాచకపోతే నష్టపోయేది ఆ పిల్లాడే. కానీ దాచడానికి ముందే అనుమతి అడగొచ్చు. అబద్ధానికి అనుమతి అడగలేం, అడిగిన క్షణంలోనే అది బయటపడిపోతుంది. ఆ తేడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు పిల్లలకి ఇలా చెబుతున్నా: "నేలలో మెషీనుంది. ఎక్కడో ఇప్పుడు చెప్పను. చెబితే నీ కాలు దాన్ని వెతుక్కుంటుంది. అయిపోయాక చూపిస్తా, సరేనా?" కొందరు వెతుకుతారు. మాకు టైము ఎక్కువ పడుతుంది. పట్టనీ.

ఆ పిల్లాడు కొన్నాళ్లకి మళ్లీ వచ్చాడు. ముందే సారీ చెప్పాను. "ఎక్కడుందో నాకు తెలుసు కదక్కా, కానీ చూడనులే" అని, ఎదురు గోడ మీది క్యాలెండరు చూస్తూ నడిచాడు.

మడమ ఆనలేదు. ఆ గ్రాఫునే డాక్టరుకి పంపించాం.