లైకెన్ సాక్ష్యం, అనుమాన ప్రమాణం

కనిపించే గుర్తును బట్టి కనిపించని వస్తువును నిర్ణయించడాన్ని న్యాయదర్శనం అనుమానం అంటుంది. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో దీనికి కొండ మీది పొగనూ నిప్పునూ ఉదాహరణగా చూపాడు. అంటార్కిటికాలో భారత మైత్రి కేంద్రం ఉన్న షిర్మాకర్ ఒయాసిస్సు రాళ్ల మీది లైకెన్లు గాలి కాలుష్యానికి అలాంటి గుర్తే, అంటే హేతువే. శిలీంధ్రమూ శైవలమూ కలిసి బతికే ఈ జీవికి వేళ్లుండవు. తేమనూ పోషకాలనూ చాలావరకు గాలి నుంచే తీసుకుంటుంది. సీసం, కాడ్మియం, పాదరసం వంటి లోహాలు ఏళ్ల తరబడి అందులో పేరుకుంటాయి.

అయితే లోహం దొరికినంత మాత్రాన కాలుష్యం రుజువు కాదు. అది రాతి ధూళి నుంచీ రావచ్చు, సముద్రపు తుంపర నుంచీ రావచ్చు. సాధ్యం, అంటే నిర్ణయించవలసిన వస్తువు, లేని చోట కూడా కనిపించే హేతువును తర్కం సవ్యభిచారం అంటుంది. తెలంగాణలోని హుస్నాబాద్ ప్రాంతపు గ్రానైటు బండల మీది లైకెన్లను పరీక్షించినా ఇదే చిక్కు. అందుకే శాస్త్రవేత్తలు మట్టిలో సమృద్ధిగా ఉండే అల్యూమినియంతో ప్రతి లోహాన్నీ పోల్చి చూస్తారు. ఆ నిష్పత్తి స్థానిక శిలలో కన్నా బాగా ఎక్కువైతేనే బయటి మూలం ఉందంటారు. హేతువుకూ సాధ్యానికీ మధ్య వ్యాప్తి, అంటే తప్పని సంబంధం, తేలాకే లైకెన్ సాక్ష్యం జ్ఞానంగా నిలుస్తుంది.