దాత యెవరు?

మన దేశమున వైద్యవిద్యార్థి పరీక్షలలో నుత్తీర్ణుడైనను, ఒక సంవత్సరము హౌస్ సర్జనుగా పనిచేయవలయును. అందు కొంతకాలము పల్లెలలోని ఆరోగ్యకేంద్రములందు పేదతల్లులను, బిడ్డలను పరీక్షించుచు గడపును. తాను సేవ చేయుచున్నాననియే యతని తలంపు.

కాని విచారింపుడు. కూలి మానుకొని, బిడ్డ నెత్తుకొని వచ్చి, వరుసలో నిలిచి, అతని తడబాటును సహించిన తల్లియే యతనికి విద్యాదానము చేసినది. ఆమెకు కూలి పోయినది. అతనికి పట్టము వచ్చినది. ఇక దాత యెవరు?

పాలు, గ్రుడ్లు తినుమని యతడు బోధించును. "ఎక్కడినుంచి తెచ్చేది బాబూ?" అని యామె యడుగును. పుస్తకమున దీని కుత్తరము లేదు, శాసనమున నున్నది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకము ప్రారంభమైనది. గర్భిణులకును, ప్రసవానంతర మారు మాసములవరకు తల్లులకును, అంగన్వాడీద్వారా ఉచితాహారమును 2013 నాటి ఆహారభద్రతా చట్టము హక్కుగా నొసగినది. ఆ సంగతి యామెకు దెలిపి, అది యామెకు చేరునట్లు చూచుటయే యతని విధి. హక్కైనదానిని భిక్షవలె పెట్టుట ధర్మము కాదు.

కావున చదువరులారా! మీ కుమారుడో, కుమార్తెయో ఆ పనికి బయలుదేరునప్పుడు "మేలు చేసి రమ్ము" అనకుడు. "ఋణము తీర్చి రమ్ము" అనుడు.